మిరియం చచ్చిపోయిన పేజీ

మా పాపాయత్తకి కారు పడదు. బస్సూ పడదు. ఆటో అయితే కాస్త నయం. కారు కదిలి ఊరు దాటేసరికి ఆవిడ చేతిలోకి నిమ్మకాయ వస్తుంది, చూపు దూరాన ఏదో ఒక కొబ్బరిచెట్టు మీద ఆగుతుంది. అలా దూరాన్ని చూస్తున్నంతసేపూ బాగానే ఉంటుంది. తల దించి ఒక్క అక్షరం చదివిందా, ఇక బండి పక్కకి తీసి ఆపాల్సిందే. దారిలో ఫోను మోగితే ఎవరు చేశారో పేరు కూడా చూడదు, ఎత్తి గొంతు విని పోల్చుకుంటుంది.

యాభై రెండేళ్ళ మనిషి గురించి చెప్పడానికి ఇంతకంటే పెద్ద సంగతి దొరకలేదా అని మీరు అడగొచ్చు. దొరకలేదండి. ఇదే అసలు సంగతి. అత్త ఈ లోకంలో తనదని చెప్పుకున్నది ఒక్కటే. రోడ్డు పక్కన ఇరవై ఎనిమిది సెంట్ల జాగా, అందులో రెండు గదుల ఇల్లు, ఇంటి పక్కన ఒక కారు షెడ్డు. అది చేజారిపోయింది ఈ కళ్ళు తిరిగే జబ్బు వల్లే. సరిగ్గా చెప్పాలంటే, ఆ జబ్బు సంగతి అందరికంటే బాగా ఎరిగిన మనిషి వల్ల. ఆయన ఆవిడ అన్నయ్య హరిబాబు. నాకు నాన్న.

అత్త పేరు రికార్డుల్లో మహాలక్ష్మమ్మ. మొగల్తూరులో ఆ పేరు చెప్పి అడిగితే ఎవరికీ తెలియదు. పాపాయి టీచరుగారిల్లు అంటే మాత్రం పని మానుకుని వచ్చి చూపిస్తారు. ఇరవై ఆరేళ్ళుగా అంగన్‌వాడీ టీచరు. ఊళ్ళో సగంమంది చేత మొదటి అక్షరం దిద్దించింది ఆవిడే. ఇప్పుడు మీసాలు పెంచి బుల్లెట్ల మీద తిరిగేవాళ్ళు కూడా ఆవిడ ఎదురైతే బండి ఆపి దిగుతారు. ఆవిడ వాళ్ళని చిన్నప్పటి పేరు పెట్టి పిలిచి, ముక్కు తుడుచుకోవడం వచ్చిందా అని అడుగుతుంది. వాళ్ళు చెవులు ఎర్రబడి నిలబడతారు.

మా తాతయ్యకి తెల్ల అంబాసిడర్ ఉండేది. వ్యవసాయం చేసుకునేవాడికి కారెందుకయ్యా అని ఎవరైనా అడిగితే, కోరుకొండ వెళ్ళడానికి అనేవాడట. నరసింహస్వామి అంటే ఆయనకి అంత గురి. మూడు నెలలకోసారి చీకటితో బయల్దేరదీసేవాడు. ముందు సీట్లో తాతయ్య, నాన్నమ్మ. వెనక సీట్లో పన్నెండేళ్ళ నాన్న, ఏడేళ్ళ అత్త. కొండెక్కి దర్శనం చేసుకుని, రాజమండ్రి వచ్చి భోజనం చేసి, ఒక పుస్తకాల కొట్టు దగ్గర ఆగేవాళ్ళు. పిల్లలిద్దరికీ చెరొక బొమ్మల పుస్తకం. కామిక్స్ అనడం వాళ్ళకి తర్వాత అలవాటైంది, అప్పటికి అవి బొమ్మల పుస్తకాలే.

దానికి తాతయ్య షరతు ఒకటుండేది. ఆ పుస్తకాలు కారులోనే చదవాలి, కారులోనే ఉండాలి, ఇంటి గుమ్మం దాటి లోపలికి రాకూడదు. ఇంట్లోకొస్తే పిల్లలు బడి పుస్తకాలు ముట్టుకోరని ఆయన భయం. డిక్కీలో ఒక రేకు పెట్టె పెట్టించాడు. చదివేసిన పుస్తకాలు అందులోకి వెళ్ళేవి, డిక్కీకి తాళం పడేది. ఇంకెవరింట్లోనైనా ఇలాంటి రూలు ఉండేదేమో నాకు తెలియదు. మా వాళ్ళకి మాత్రం కథలంటే కారు, కారంటే కథలు.

మరి కారులో అత్త చదవలేదు కదా. అందుకని నాన్న చదివేవాడు.

రాజమండ్రి నుంచి మొగల్తూరు దాకా మూడున్నర గంటలు పట్టేదట ఆ రోజుల్లో. దారి పొడుగునా నాన్న గొంతే. దొంగలకి ఒక గొంతు, పోలీసులకి ఒకటి, రాణిగారికి ఇంకొకటి. అత్త దూరాన్ని చూస్తూ వినేది. బొమ్మ చూసే వీలు లేదు కాబట్టి ప్రతి గడికీ “బొమ్మేంటి?” అని అడిగేది. నాన్న చెప్పేవాడు. నల్ల గుర్రం, దాని మీద మనిషికి ఎర్ర తలపాగా, వెనకాల మూడు కొండలు. ఆ కొండల్ని అత్త కోనసీమ కొబ్బరితోటల వెనకాల పెట్టుకుని చూసుకునేది. ధవళేశ్వరం బ్యారేజీ మీద మాత్రం పుస్తకం మూసి గేట్లు లెక్కపెట్టే పందెం వేసుకునేవాళ్ళు. ఓడినవాళ్ళు ఆ తర్వాత ఆత్రేయపురంలో కొనే పూతరేకుల్లో తమ వాటా ఇచ్చుకోవాలి. నాన్న ప్రతిసారీ కావాలనే తప్పు లెక్కపెట్టి ఓడిపోయేవాడని అత్త నమ్మకం. ఆయనకి నిజంగానే లెక్కలు రావని నా అనుమానం.

తాతయ్య కూడా వింటూ ఉండేవాడట. ఊరు దగ్గరపడేసరికి కథ ఇంకా మిగిలుంటే బండి నెమ్మది చేసేవాడు. పైకి మాత్రం, ఈ చెత్తంతా చదివి ఏం బాగుపడతారర్రా అనేవాడు.

అన్నిట్లోకీ వాళ్ళకి ప్రాణంగా ఉన్న పుస్తకం ఒకటుంది. అందులో ఒక డిటెక్టివ్, అతని కోటు జేబులో ఒక ముంగిస. దాని పేరు మిరియం. ఎంత పెద్ద దొంగయినా సరే, ఆఖరి పేజీలో మిరియం వెళ్ళి వాడి పంట్లాం కరిచి పట్టుకునేది. అత్తకి ఎనిమిదేళ్ళప్పుడు వచ్చిన ఒక సంచికలో నాన్న మధ్యలో రెండు కాగితాలు కలిపి తిప్పేశాడు. మిరియం వాళ్ళమ్మని చూడ్డానికి అడవికెళ్ళిందనీ, వచ్చే పుస్తకంలో తిరిగొస్తుందనీ చెప్పాడు. అన్నట్టే తర్వాతి పుస్తకంలో మిరియం వచ్చింది. ఆ తర్వాత రెండేళ్ళపాటు ప్రతి పుస్తకంలోనూ ఉంది. డిటెక్టివ్ మెట్లెక్కుతున్నాడు, మిరియం జేబులోంచి తొంగిచూస్తోంది అని నాన్న చదివేవాడు, అత్త నవ్వుకునేది.

పదేళ్ళప్పుడు ఒక ఎండాకాలం మధ్యాహ్నం తాతయ్య నిద్రపోతుంటే అత్త తాళంచెవి దొంగిలించింది. షెడ్డులోకి వెళ్ళి, డిక్కీ తీసి, పెట్టెలోని పుస్తకాలన్నీ వెనక సీట్లోకి చేరేసింది. కారు కదలడం లేదు కాబట్టి అక్షరాలూ కదల్లేదు. వినడమే తప్ప ఎన్నడూ చూడని బొమ్మలన్నీ వరసగా చూసుకుంటూ పోయింది. నల్ల గుర్రం నల్లగానే ఉంది. ఎర్ర తలపాగా ఎర్రగానే ఉంది. అలా చూసుకుంటూ ఆ పేజీ దగ్గరికి వచ్చింది. ఒక పాడుబడ్డ నూతిలో మిరియం పాముతో పోరాడి చచ్చిపోయి ఉంది. డిటెక్టివ్ టోపీ తీసి నిలబడి ఉన్నాడు. తర్వాతి పుస్తకాలన్నీ తిరగేసింది. ఏ బొమ్మలోనూ మిరియం లేదు. జేబు ఖాళీగా ఉంది.

ఆ సాయంత్రం అత్త వాచిపోయిన కళ్ళతో నాన్నని అడిగిందట, ఎందుకన్నయ్యా అలా చదివావని. నాన్న తల వంచుకుని, “నువ్వు ఏడుస్తావని చెప్పలేదే” అన్నాడట.

ఈ కథ నేను ఎన్నిసార్లు విన్నానో చెప్పలేను. మా ఇంటికి ఏ చుట్టం వచ్చినా, భోజనాల దగ్గర మిరియం ప్రస్తావన రావాల్సిందే. అత్త చెబుతుంటే నాన్న సిగ్గుపడుతూ మజ్జిగ పోసుకునేవాడు. లేని ముంగిసని రెండేళ్ళు బతికించిన అన్నయ్య ఇంకెవరికైనా ఉన్నాడా అని అత్త అడిగేది. ఎవరికీ లేడని అందరూ ఒప్పుకునేవాళ్ళు. నేనూ ఒప్పుకున్నాను. మా నాన్నంటే నాకు గర్వంగా ఉండేది.

అత్తకి పెళ్ళి కాలేదు. ఆవిడ పెళ్ళీడుకి వచ్చేసరికి నాన్నమ్మకి పక్షవాతం వచ్చింది. పదకొండేళ్ళు మంచంలో ఉంది. ఎత్తడం, దించడం, తినిపించడం అన్నీ అత్తే. ఆ మధ్యలో తాతయ్య పోయాడు. పోయేముందు నాన్ననీ అత్తనీ పక్కన కూర్చోబెట్టుకుని, కాలవ కింద మూడెకరాల చేను మీ ఇద్దరిదీ, రోడ్డు పక్క షెడ్డు జాగా మాత్రం పాపాయిది అని చెప్పాడు. కాగితం రాయలేదు. అన్నాచెల్లెళ్ళ మధ్య కాగితమేంటి అనుకున్నాడు. నాన్నమ్మ పోయేనాటికి అత్తకి ముప్ఫై రెండేళ్ళు. అప్పటికైనా సంబంధాలు చూడాల్సింది నాన్నే. ఆయన చూడలేదు. అత్త అడగలేదు. ఆ పేజీ కూడా ఆయన తెలిసే తిప్పేశాడేమో అని ఇప్పుడనిపిస్తుంది నాకు. ఒకసారి కోపం వచ్చాక పాతవన్నీ కొత్తగా కనిపిస్తాయి.

తాతయ్య తర్వాత అంబాసిడర్ని ఎవరూ నడపలేదు. టైర్లు కూరుకుపోయి షెడ్డులోనే ఉండిపోయింది. అత్త దాన్ని అమ్మనివ్వలేదు. జాగాలో రెండు గదులు వేసుకుని, కారు తుడిచి, సీట్లకి కొత్త గుడ్డ కుట్టించి, డిక్కీలో పెట్టె బయటికి తీసి సాయంత్రాలు పిల్లల్ని పోగుచేసింది. రైతుల పిల్లలూ, సముద్రం వైపు నుంచి వచ్చే చేపలవాళ్ళ పిల్లలూ కారు చుట్టూ మూగేవాళ్ళు. వెనక సీట్లో నలుగురు, ముందు ముగ్గురు. స్టీరింగు దగ్గర ఎవరు కూర్చుంటే వాళ్ళు బిగ్గరగా చదవాలి, హారను కొట్టాలనుకుంటే ముందు ఒక పేజీ చదవాలి. నేను కూడబలుక్కుని చదవడం నేర్చుకున్నది ఆ స్టీరింగు వెనకే. చదువు రాని పిల్లని అత్త ఒక్క మాట అనేది కాదు. బొమ్మేంటి, బొమ్మ చెప్పు చాలు అనేది. బొమ్మ చెప్పడం మొదలెట్టిన పిల్ల నాలుగు రోజుల్లో అక్షరాల్లోకి దిగేది. షెడ్డు ఆవిడకి బడీ గుడీ సంసారమూ అన్నీ. అది లేని అత్తని నేను ఊహించుకోలేను, ఆవిడా ఊహించుకోలేదు.

నాన్న సంగతి చూస్తే, ఆయన రొయ్యల చెరువుల్లోకి దిగి రెండుసార్లు దెబ్బతిన్నాడు. మూడోసారి నిలదొక్కుకోవాలని కిందా మీదా పడుతున్నాడు. షెడ్డు జాగా రోడ్డు ముఖం మీద ఉంది. ఐసు ఫ్యాక్టరీ కట్టాలని ఒకాయన దానికోసం తిరుగుతున్నాడని నాకు తర్వాత తెలిసింది. అప్పటికి తెలియదు.

పోయిన ఫిబ్రవరిలో నాన్న రాజమండ్రికి ఫోన్ చేశాడు. నేను అక్కడ జూనియర్ కాలేజీలో పాఠాలు చెబుతాను. శనివారం సెలవు పెట్టి కారు తీసుకురా, నేనూ మీ అత్తా కోరుకొండ వెళ్ళి ఎన్నేళ్ళయిందో, చిన్నప్పటిలా ఒక్కసారి వెళ్ళొద్దాం అన్నాడు. ఆయన గొంతులో ఆ ముచ్చట విని నాకు కళ్ళు చెమర్చాయి. శుక్రవారం సాయంత్రమే ఊరెళ్ళాను. అత్త పట్టుచీర కట్టుకుని, నాలుగు నిమ్మకాయలు కొంగున కట్టుకుని, తెల్లవారేసరికి గేటు దగ్గర నిలబడి ఉంది. అమ్మ రానంది. తలనొప్పి అంది.

అంత సంతోషంగా అత్తని నేనెప్పుడూ చూడలేదు. కొండ మెట్లు చిన్నపిల్లలా ఎక్కింది. రాజమండ్రిలో భోజనం చేశాక ఆ పాత పుస్తకాల కొట్టు ఉన్న చోటు చూపించమంది. అక్కడిప్పుడు సెల్‌ఫోన్ల దుకాణం ఉంది. అన్నాచెల్లెళ్ళిద్దరూ దాని ముందు నిలబడి నాచేత ఫోటో తీయించుకున్నారు. బ్యారేజీ మీద గేట్లు లెక్కపెట్టారు. నాన్న ఓడిపోయాడు. ఆత్రేయపురంలో పూతరేకులు కొని తన పొట్లం కూడా చెల్లెలి ఒళ్ళో పెట్టాడు.

రావులపాలెం దాటాక నాన్న సంచిలోంచి కాగితాలు తీసి కళ్ళజోడు పెట్టుకున్నాడు. వాళ్ళిద్దరూ వెనక సీట్లో ఉన్నారు. చేను ఇంకా తాతయ్య పేరు మీదే ఉందనీ, ఒక్కరి పేరు మీద ఉంటే తప్ప చెరువుకి లీజు కుదరడం లేదనీ ఆయన అంతకుముందే అత్తకి చెప్పి ఉన్నాడు. చేలో తన వాటా రాసివ్వడానికి అత్త మారుమాట లేకుండా ఒప్పుకుంది. ఆ దస్తావేజే ఇది. సోమవారం సంతకం.

“ఇంటికెళ్ళాక చూస్తాలే అన్నయ్యా,” అంది అత్త.

“ఇంట్లో నువ్వేం చూస్తావు? కారులో నేను చదివితేనే కదా నీకెక్కేది,” అన్నాడు నాన్న.

అత్త పగలబడి నవ్వింది. నిమ్మకాయ ముక్కు దగ్గర పెట్టుకుని, దూరాన్ని చూస్తూ, చదవమంది. నాన్న చదవడం మొదలుపెట్టగానే, “బొమ్మేంటి?” అని అడిగింది. స్టాంపు కాగితం, దాని మీద మూడు సింహాలు అన్నాడు నాన్న. మా ముగ్గురికీ నవ్వాగలేదు. ఆయన ఆ దస్తావేజుని పాత బొమ్మల పుస్తకంలాగే చదివాడు. రాసిచ్చేవారికి ఒక గొంతు, రాయించుకునేవారికి ఇంకొకటి. గోదావరి మీద సిద్ధాంతం వంతెన ఎక్కుతున్నాం. నేను అద్దంలోకి చూశాను. నాన్న వేలు తడిచేసుకుని రెండు కాగితాలు కలిపి తిప్పాడు. తిప్పి తల ఎత్తాడు. అద్దంలో నా కళ్ళూ ఆయన కళ్ళూ కలిశాయి. ఆయన కన్ను కొట్టాడు.

నేను నవ్వాను.

సర్వే నంబర్లూ హద్దులూ లాంటి సొద ఏదో వదిలేస్తున్నాడనుకున్నాను. మిరియం కథ గుర్తొచ్చి ముద్దొచ్చాడు కూడా. నాన్న తర్వాతి కాగితం అందుకుని అదే గొంతుతో చదువుకుంటూ పోయాడు. అత్త చివరికి, బాగుంది, ఎవరూ చచ్చిపోలేదు కదా అంది. లేదన్నాడు నాన్న.

సోమవారం వాళ్ళిద్దరూ రిజిస్ట్రారు ఆఫీసుకి వెళ్ళారు. అక్కడి ఆయన అలవాటు ప్రకారం, చదువుకున్నారా అమ్మా అని అడిగాడట. అత్త, మా అన్నయ్య చదివి వినిపించాడండి అని చెప్పి, ప్రతి కాగితం అడుగునా గుండ్రటి అక్షరాలతో సంతకం పెట్టింది. ఆ కాగితాలు అప్పుడు కదలడం లేదు. బల్ల మీద నిశ్చలంగా ఉన్నాయి. తల దించి చదివితే కళ్ళేమీ తిరిగేవి కావు. అయినా ఆవిడ చదవలేదు. ఒకసారి అన్నయ్య చదివేశాక మళ్ళీ చదవడం ఆవిడ జీవితంలో ఒక్కసారే జరిగింది, తాళంచెవి దొంగిలించిన రోజు.

ఏప్రిల్‌లో ఒక పొద్దున అత్త నాకు ఫోన్ చేసింది. క్రేను వచ్చిందట. అంబాసిడర్ని ఎత్తి అవతల పడేయమన్నారట. ఎవరు పంపారంటే జాగా కొన్నవాళ్ళు అన్నారట. “జాగా ఎవరమ్మారే సత్యా? నీకేమన్నా తెలుసా?” అని అడిగింది. ఆవిడ గొంతులో కోపం లేదు. ఏదో పొరపాటు జరిగిందనీ, అన్నయ్యకి చెబితే సర్దేస్తాడనీ అనుకుంటోంది.  నాకు మాత్రం సిద్ధాంతం వంతెన, అద్దం, ఆ కన్ను, అన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి.

మధ్యాహ్నానికి ఊళ్ళో ఉన్నాను. పిల్లల తల్లులు వచ్చి షెడ్డుకి అడ్డంగా కూర్చోవడంతో క్రేనువాడు ఆ రోజుకి వెళ్ళిపోయాడు. మర్నాడు దస్తావేజు నకలు తీయించాం. అత్త దాన్ని ఇంట్లో చదవలేదు. తీసుకెళ్ళి అంబాసిడర్ వెనక సీట్లో కూర్చుని తలుపేసుకుంది. నేను షెడ్డు బయట నిలబడ్డాను. మొదటి కాగితం, రెండోది, మూడోది. నాలుగో కాగితం దగ్గర ఆవిడ ఆగిపోయింది. అందులో రాసిచ్చే ఆస్తుల షెడ్యూలు, దాని రెండో ఐటం ఉంది. ఇరవై ఎనిమిది సెంట్లు, అందలి రెండు గదుల ఇల్లు, రేకుల షెడ్డు, సమస్త హక్కులతో సహా. కింద గుండ్రటి సంతకం. ఎంతసేపు చూసిందో తెలియదు. తలుపు తీసుకుని దిగి, చీర సర్దుకుని, పద అంది.

నాన్న అరుగు మీద కూర్చుని ఉన్నాడు. మమ్మల్ని చూసి లేచాడు. అమ్మ వంటింట్లోంచి బయటికి రాలేదు. అప్పుడర్థమైంది నాకు, ఫిబ్రవరిలో ఆవిడకి తలనొప్పి ఎందుకొచ్చిందో.

అత్త నకలు ఆయన చేతిలో పెట్టింది. “చదువన్నయ్యా,” అంది.

నాన్న కాగితాల వంక చూశాడు, నా వంక చూశాడు. కూర్చో పాపాయీ, మాట్లాడుకుందాం అన్నాడు. చదువు అంది అత్త మళ్ళీ. ఆయన చదవడం మొదలుపెట్టాడు. ఈసారి రాసిచ్చేవారికీ రాయించుకునేవారికీ ఒకే గొంతు. మూడో కాగితం అయింది. నాలుగోది తిప్పాడు. అక్కడ ఆగిపోయాడు.

“బొమ్మేంటన్నయ్యా?” అంది అత్త.

నాన్న కాగితాలు ఒళ్ళో పెట్టుకుని కళ్ళజోడు తీసేశాడు. చెరువు అప్పుల్లో మునిగిపోతోందనీ, ఇంకో దారి లేకపోయిందనీ, తన ఇంట్లో పై గది ఆవిడదేననీ, ఏ లోటూ రానివ్వననీ ఏవేవో చెప్పాడు.  ఆఖరికి ఆయన తల వంచుకున్నాడు.

“నువ్వు ఏడుస్తావని చెప్పలేదే,” అన్నాడు.

ఆ మాట విన్నప్పుడు నాకు మా నాన్నని కొట్టాలనిపించింది. ఇలా రాయకూడదేమో, కానీ అనిపించింది. దస్తావేజు సంగతి అటుంచండి. మా ఇంట్లో అందరం నలభై ఏళ్ళుగా చెప్పుకుని మురిసిపోయిన మాట అది. దాన్ని తీసుకొచ్చి ఈ పనికి వాడాడు. కోరుకొండ ముచ్చట, పుస్తకాల కొట్టు ముందు ఫోటో, ఓడిపోయిన పందెం, పూతరేకుల పొట్లం, అన్నీ ఆ కాగితం తిప్పడానికే. ఆ ప్రయాణంలో ఏది నిజమో అని అప్పట్నుంచీ వెతుకుతున్నాను. ఒక్కటీ దొరకలేదు.

అత్త మాత్రం, “చిన్నప్పుడు ఏడ్చాను కదన్నయ్యా. నీమీద ప్రేమతోనే ఏడ్చాను. ఇప్పుడు రావట్లేదు,” అంది. కాగితాలు తీసుకుని వచ్చేసింది.

నరసాపురంలో జీవరాజు గారని ఒక లాయరు ఉన్నారు. ఆయన నకలంతా చదివి, కేసు నిలబడుతుందో లేదో చెప్పలేనండి అన్నారు. చదువుకున్న మనిషి, తన చేత్తో ప్రతి కాగితం మీదా సంతకం పెట్టింది. మోసం జరిగిందనడానికి ఆధారం నా మాట ఒక్కటే. కన్నతండ్రి మీద చెప్పగలవా అమ్మా అని అడిగారు. చెబుతానన్నాను. చెప్పేటప్పుడు నామీద నాకే గౌరవం కలిగింది. ఆ సాయంత్రం ఆయన ఎదురుగా కూర్చుని అఫిడవిట్ రాయించాను. అత్త కోరినట్టు తెలుగులోనే రాశారు. ఇంటికి తీసుకెళ్ళి సరిచూసుకుని, మర్నాడు వచ్చి సంతకాలు చేయమన్నారు.

మర్నాడు నేను కారు తీశాను. అత్త ఎప్పుడూ వెనకే కూర్చునేది, ఆ రోజు ముందు సీట్లో కూర్చుంది. చేతిలో నిమ్మకాయ లేదు. ఊరు దాటేసరికి సంచిలోంచి కాగితాలు తీసింది. రాత్రి చదవలేదా అని అడిగాను. చదివానంది. మరి మళ్ళీ ఎందుకంటే, కారులో చదవడం అలవాటు చేసుకోవాలిగా అంది.

రెండో కాగితం దాకా వచ్చేసరికి మొహం పాలిపోయింది. బండి పక్కకి తీశాను. దిగి, కాలవ గట్టున వంగి వాంతి చేసుకుంది. నీళ్ళు ఇచ్చాను. నోరు కడుక్కుని, కొంగుతో తుడుచుకుని, మళ్ళీ ఎక్కి కాగితాలు అందుకుంది. కాసేపు బండి ఇక్కడే ఆపుతాను, చదువుకో అత్తా అన్నాను. పోనీ నేను చదివి వినిపించనా అన్నాను. ఆ మాట అని నాలుక కరుచుకున్నాను.

“వద్దు. బండి పోనియ్యి. నేనే చదువుకుంటాను,” అంది.

పోనిచ్చాను. ఆవిడ చెమటలు కారుతున్న మొహంతో, వేలు పెట్టుకుని, అంగన్‌వాడీలో పిల్లలా ఒక్కొక్క వాక్యమే చదువుతోంది. నా అఫిడవిట్ దగ్గరికి వచ్చింది. మా తండ్రిగారు రెండు కాగితములు కలిపి తిప్పుట నేను కారు అద్దములో స్వయముగా చూచితిని. అక్కడ వేలు ఆగింది.

“ఇందులో నువ్వు నవ్విన సంగతి లేదే,” అంది.

 ఆ నవ్వు సంగతి నేనెవరికీ చెప్పలేదు. లాయరుగారికి కావాలనే చెప్పలేదు. చెబితే నాకూ ముందే తెలుసంటారని, తండ్రీకూతుళ్ళిద్దరూ కూడబలుక్కున్నారంటారని భయం. ఒక్క వాక్యమే కదా, దాని వల్ల కేసుకి వచ్చే లాభం ఏముందిలే అని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను.

“నీకెలా తెలుసు?” అన్నాను.

“దూరం చూస్తూ కూర్చుంటాను కదా. ముందు అద్దంలో కనిపించావు,” అంది. కోపంగా అనలేదు. “తండ్రీకూతుళ్ళు ఏదో సరదాగా ఉన్నారనుకున్నాను. నువ్వు నవ్వావని నేనూ నవ్వాను.”

 క్షమించమని అడగాలనిపించింది. ఆవిడ ఆ కాగితం మడిచి, డాష్‌బోర్డు మీద నా ఎదురుగా పెట్టింది.

“అది కూడా రాయించు,” అంది.

రాయిస్తానన్నాను. అత్త తల ఊపి తర్వాతి కాగితం అందుకుంది. లాయరుగారింటి ముందు బండి ఆపాక కూడా దిగలేదు. ఆఖరి అక్షరం దాకా చదివి, కాగితాలు ఒక్కొక్కటే లెక్కపెట్టుకుని, అప్పుడు దిగింది.